తోతాపురి నిషేధం వెనుక పాత చర్చ: ఒంటరిగా అసమ్మతి తెలిపిన బి.ఆర్. షెనాయ్

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం పొరుగు రాష్ట్రాల తోతాపురి మామిడి జిల్లాలోకి రాకుండా నిషేధం విధించింది. ఇక్కడి కాయకే ధర లేనప్పుడు కోలారు వైపు నుంచి వచ్చే కాయతో గుజ్జు పరిశ్రమలు నిండిపోతే స్థానిక రైతు ఎక్కడికి పోవాలన్నది అధికారుల ఆలోచన. ఏళ్ల తరబడి చిత్తూరు పరిశ్రమలకే కాయ తోలుతున్న శ్రీనివాసపురం రైతులు నష్టపోతున్నారని కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. అదే సీజనులో రాష్ట్ర ప్రభుత్వం రైతుకు కిలోకు రూ. 12 దక్కేలా చూస్తామని, అందులో రూ. 8 పరిశ్రమలు చెల్లిస్తే మిగిలిన రూ. 4 ఖజానా నుంచి ఇస్తామని ప్రకటించింది. పరిశ్రమల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. టోకెను చేతిలో ఉన్న రైతుకు సైతం లోపలికి పిలుపు వచ్చేసరికి ట్రాలీ అడుగున ఉన్న కాయ మగ్గి, నీరుకారి, నల్లబడింది. ర్యాంపుల్లో, అంటే వ్యాపారులు కాయ కొనే కేంద్రాల్లో, అమ్ముకున్న చాలామందికి ప్రకటించిన ధర దక్కలేదు.

ధర ఎవరు నిర్ణయించాలి, సరుకును సరిహద్దు దగ్గర ఆపే హక్కు ప్రభుత్వానికి ఎంతవరకు ఉండాలి, లోటును ఖజానా పూడిస్తే ఆ సొమ్ము చివరికి ఎవరి జేబులోంచి వస్తుంది అన్న మూడు ప్రశ్నలూ ఈ వివాదంలో కలగలిసి ఉన్నాయి. స్వతంత్ర భారతదేశంలో ఈ ప్రశ్నలను అందరికంటే ముందుగా, అందరికంటే నిక్కచ్చిగా అడిగిన ఆర్థికవేత్త బెల్లికోత్ రఘునాథ్ షెనాయ్. రెండో పంచవర్ష ప్రణాళిక ఎవరి నమూనా అని అడిగితే తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే కుర్రవాడు మహలనోబిస్ అని ఠక్కున చెబుతాడు. ఆ నమూనాను రాతపూర్వకంగా ఎదిరించిన మనిషి పేరు మాత్రం మన పాఠాల్లో అరుదుగా వినిపిస్తుంది. ఇది సరిదిద్దవలసిన లోపమని నా అభిప్రాయం.

షెనాయ్ 1905 జూన్ 3న అప్పటి దక్షిణ కన్నడ జిల్లాలో, బెల్లికోత్ అనే ఊళ్లో పుట్టారు. మన చిత్తూరు ప్రాంతం లాగే ఆ జిల్లా కూడా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లారు. 1931లో ఆస్ట్రియా ఆర్థికవేత్త హయెక్ అక్కడ ఇచ్చిన ఉపన్యాసాలు ఆయన ఆలోచన మీద చెరగని ముద్ర వేశాయి. బ్యాంకులు సృష్టించిన డబ్బుతో పెట్టుబడిని కృత్రిమంగా పెంచితే మొదట కళకళలాడినట్టు కనిపించినా తరువాత పతనం తప్పదన్నది హయెక్ వాదన. బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ ధరల సమీకరణాలను పరిశీలిస్తూ షెనాయ్ రాసిన రెండు వ్యాసాలు 1932, 1934 సంవత్సరాల్లో అమెరికాలోని క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయ్యాయి. ముప్పై ఏళ్లు నిండకముందే అంత పేరున్న పత్రికలో చోటు సంపాదించడం ఆనాటి భారతీయ ఆర్థికవేత్తలకు అరుదైన సంగతి. తరువాత ఆయన పూనాలోనూ కొలంబోలోనూ బోధించారు. రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగంలో పనిచేశారు. 1954లో అహ్మదాబాదులోని గుజరాత్ విశ్వవిద్యాలయంలో చేరారు. డబ్బు ఎలా పుడుతుందో, ఏ దారిన ప్రవహిస్తుందో కేంద్ర బ్యాంకు లోపల కూర్చుని చూసినవాడు కాబట్టే ఆయన విమర్శకు ఆ పదును వచ్చింది.

1955 తొలినాళ్లలో రెండో ప్రణాళిక ముసాయిదా మీద సలహా ఇవ్వడానికి ప్రభుత్వం ఆర్థికవేత్తల బృందాన్ని ఏర్పాటు చేసింది. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు, కె.ఎన్. రాజ్ వంటి ఉద్దండులు అందులో ఉన్నారు. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన ఆ ముసాయిదాను బృందం మొత్తం మీద ఆమోదించింది. షెనాయ్ ఒక్కరే అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. ఆయన అభ్యంతరాలు ప్రధానంగా మూడు విషయాల చుట్టూ తిరిగాయి. ప్రణాళిక పరిమాణం దేశంలోని నిజమైన పొదుపును మించి ఉందన్నది మొదటిది. ఆ తేడాను లోటు ద్రవ్యంతో, అంటే కొత్తగా అచ్చు వేసిన డబ్బుతో, పూడ్చడం కొత్త వనరులను సృష్టించదని, ఉన్న వనరులను పేదవాడి చేతిలోంచి లాగి ప్రభుత్వం చేతిలో పెడుతుందని రెండోది. ప్రణాళిక పేరిట ధరల నియంత్రణలనూ కేటాయింపులనూ కొనసాగించడం, జాతీయీకరణను విస్తరించడం ప్రజాస్వామ్యానికీ మంచిది కాదని మూడోది.

రెండో అభ్యంతరం ఆ పత్రానికి గుండెకాయ కనుక దాన్ని కొంచెం విడమరచాలి. ప్రభుత్వం పన్నుల ద్వారానో, ప్రజల పొదుపు నుంచి అప్పు తీసుకునో ఖర్చు చేస్తే ఒకరి కొనుగోలు శక్తి ఇంకొకరికి మారుతుంది. మొత్తం మీద గిరాకీ పెరగదు. రిజర్వ్ బ్యాంకు దగ్గర రుణపత్రాలు పెట్టి కొత్త నోట్లు తెచ్చుకుని ఖర్చు చేస్తే మాత్రం ఎవరి కొనుగోలు శక్తీ తగ్గకుండానే ప్రభుత్వపు కొనుగోలు శక్తి పెరుగుతుంది. సరుకు పెరగదు కాబట్టి ధర పెరుగుతుంది. కూలి డబ్బులతో సంతకు వెళ్లిన మనిషి నిన్న రెండు శేర్లు కొన్నచోట నేడు ఒకటిన్నరతో సరిపెట్టుకుంటాడు. ఆ తగ్గిన అర శేరే ప్రణాళికకు అతను కట్టిన పన్ను. చట్టసభ ఆమోదించని పన్ను ఇది. మొత్తం రూ. 4,800 కోట్ల ప్రభుత్వ వ్యయంలో రూ. 1,200 కోట్లు లోటు ద్రవ్యం ద్వారానే సమకూర్చుకోవాలని రెండో ప్రణాళిక తలపెట్టింది. ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి అచ్చు వేసిన రూపాయి అన్నమాట. షెనాయ్ భయపడింది ఆ నిష్పత్తిని చూసే.

ఆయన హెచ్చరిక నిజమవడానికి ఎంతో కాలం పట్టలేదు. ప్రణాళిక మొదలైన రెండేళ్లలోనే విదేశీ మారకద్రవ్యం నిల్వలు కరిగిపోయి, 1958లో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో సాయం చేసే దేశాల బృందం ఏర్పడవలసి వచ్చింది. ప్రణాళికా కాలంలో టోకు ధరలు దాదాపు 30 శాతం పెరిగాయి. 1966 జూన్ 6న రూపాయి విలువను డాలరుకు 4.76 నుంచి 7.50కి తగ్గించారు. ఆ తరువాత మూడేళ్లు పంచవర్ష ప్రణాళికలే లేవు. 1962, 1965 యుద్ధాలూ, వరుస కరువులూ ఇందులో తమ వంతు పాత్ర పోషించాయి. అన్నిటికీ లోటు ద్రవ్యమే కారణమనడం న్యాయం కాదు. అయినా ప్రమాదం ఏ దిక్కు నుంచి వస్తుందో 1955లోనే కాగితం మీద పెట్టిన ఘనత షెనాయ్‌దే.

ఈ విధానాల బరువు ఢిల్లీ, బొంబాయి నగరాలకే పరిమితం కాలేదు. 1957లో కేంద్రం ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళ రాష్ట్రాలను కలిపి దక్షిణ బియ్యం జోనుగా ప్రకటించింది. జోను లోపల బియ్యం స్వేచ్ఛగా తిరగవచ్చు, జోను దాటి మాత్రం పోకూడదు. 1964లో ఒక్కో రాష్ట్రమే ఒక్కో జోను అయింది. రెండు రాష్ట్రాల సరిహద్దులను ఆనుకుని ఉన్న చిత్తూరు జిల్లాకు ఈ మార్పు ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కర్లేదు. వేలూరు, గుడియాత్తం, కోలారు ఇక్కడి పల్లెలకు సహజమైన సంతలు. బంధుత్వాలు, పెళ్లి సంబంధాలు కూడా అటే. అటువంటి చోట బియ్యం మూటకు చెక్‌పోస్టు అడ్డం పెడితే మిగులు ఉన్నచోట రైతుకు ధర పడిపోతుంది, కొరత ఉన్నచోట తినేవాడికి ధర మండిపోతుంది, మధ్యలో మూట దాటించేవాడికి లాభం మిగులుతుంది. తోతాపురి నిషేధం మీద 2025లో లేచిన ప్రశ్న ఇదే. దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణం చెబుతున్నా, దానికి మినహాయింపులు వెతకడం మన ప్రభుత్వాలకు ఆనాటి నుంచీ అలవాటైంది.

బంగారం సంగతి మరింత బాధాకరం. 1963 జనవరిలో వచ్చిన నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగ చేయడాన్ని నిషేధించాయి. మంగళసూత్రానికి మేలిమి బంగారమే కావాలనే ఊళ్లలో తరతరాలుగా కొలిమి ముందు కూర్చున్న కంసాలికి ఒక్క ఉత్తర్వుతో పని పోయింది. దేశమంతటా స్వర్ణకారులు వీధిన పడ్డారు. 1966లో ఆ 14 క్యారెట్ల నిబంధనను ఎత్తేసినా 1968లో స్వర్ణ నియంత్రణ చట్టం వచ్చింది. రూపాయికి ప్రభుత్వం నిర్ణయించిన విలువ అసలు విలువ కంటే ఎక్కువగా ఉన్నంత కాలం, బయటి దేశాల బంగారానికీ ఇక్కడి బంగారానికీ ధరలో అంత తేడా ఉన్నంత కాలం దొంగ బంగారం వస్తూనే ఉంటుందని, పోలీసులు ఎంతమంది ఉన్నా అది ఆగదని షెనాయ్ రాస్తూ వచ్చారు. జబ్బు మారకపు రేటులో ఉంటే మందు కంసాలి కొలిమికి వేశారు.

ఇటువంటి వాదనకు రాజకీయ వేదికగా నిలిచింది స్వతంత్ర పార్టీ. సమష్టి సహకార వ్యవసాయాన్ని సమర్థిస్తూ 1959 జనవరిలో కాంగ్రెసు నాగపూర్ తీర్మానం చేశాక, అదే ఏడాది రాజాజీ, మసానీ, ఆచార్య ఎన్.జి. రంగా కలిసి ఆ పార్టీని స్థాపించారు. అధ్యక్షుడు రంగాయే. నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆ శాస్త్రాన్నే బోధించిన మనిషి ఆయన. 1962 సాధారణ ఎన్నికల్లో చిత్తూరు లోక్‌సభ స్థానం నుంచి తిరుచానూరు బిడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కాంగ్రెసు తరఫున గెలిచారు. ఆయన బీహారు గవర్నరుగా వెళ్లడంతో జరిగిన ఉపఎన్నికలో చిత్తూరు ఓటర్లు రంగాను లోక్‌సభకు పంపారు. లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన కాంగ్రెసు దిగ్గజం ఖాళీ చేసిన స్థానంలో, పర్మిట్ల పాలనను ప్రశ్నించే పార్టీ అధ్యక్షుణ్ణి ఈ జిల్లా గెలిపించింది. స్వేచ్ఛా విపణి వాదన మనకు పరాయిదని అనేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. 1967లో రంగా శ్రీకాకుళం నుంచి గెలిచారు. చిత్తూరు తిరిగి కాంగ్రెసు చేతికి వెళ్లింది.

రంగాకూ షెనాయ్‌కీ మధ్య ఒక తేడా ఉంది. రంగా జీవితమంతా రైతుకు గిట్టుబాటు ధర కావాలని పోరాడిన నాయకుడు; షెనాయ్ ధరను దాని దారిన వదలమన్న శాస్త్రజ్ఞుడు. నియంత్రణలు ఎత్తేయాలనే చోట ఇద్దరూ కలుస్తారు, ధర పడిపోయిన నాడు విడిపోతారు. చిత్తూరు మామిడి రైతు నిలబడింది సరిగ్గా ఆ విడిపోయే చోటే. తోతాపురిని నిల్వ ఉంచలేరు. అది ప్రధానంగా గుజ్జుకు పనికొచ్చే కాయ. కొనేవి కొన్ని పరిశ్రమలే. నిరుటి గుజ్జు గోదాముల్లో అమ్ముడుపోకుండా ఉంటే ఈ ఏడు కాయకు గిరాకీ ఉండదు. కొనేవారు కొద్దిమందే అయినప్పుడు స్వేచ్ఛా విపణి అన్న మాట రైతుకు ఎంతవరకు వర్తిస్తుంది? షెనాయ్ రచనల్లో ఈ ప్రశ్నకు నాకు తృప్తినిచ్చే జవాబు లేదు. సరిహద్దు మూసివేత తప్పన్న విషయంలో ఆయన తర్కం తిరుగులేనిదని నమ్ముతాను. రూ. 4 సాయం విషయంలో మాత్రం వానాకాలపు వరద లాగా ఒక్కసారి వచ్చిపడే పంటకు ఏదో ఒక కట్ట అవసరమని భావిస్తాను. ఆ కట్టకయ్యే సొమ్ము బడ్జెట్టులో బాహాటంగా కనిపించాలని, అచ్చు వేసిన నోట్లలో దాక్కోకూడదని షెనాయ్ పెట్టే షరతును కూడా ఒప్పుకుంటాను.

అసమ్మతి పత్రం తరువాత ప్రభుత్వ సలహా సంఘాల్లో షెనాయ్‌కు పెద్దగా చోటు దక్కలేదు. ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది ఆయన్ను పాతకాలపు మనిషిగా చూశారు. 1955లోనే భారత ప్రభుత్వానికి దాదాపు ఇదే సలహా ఇచ్చిన అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్, ఇంగ్లండులోని పీటర్ బావర్ వంటివారు బయటి దేశాల్లో ఆయన్ను గౌరవించారు. 1968లో గుజరాత్ విశ్వవిద్యాలయం వదిలాక ఢిల్లీలో ఆర్థిక పరిశోధన కేంద్రం నడుపుతూ, పత్రికలకు వ్యాసాలు రాస్తూ గడిపారు. పీఎల్ 480 అనే చట్టం కింద అమెరికా ఇచ్చిన గోధుమ సాయం మీద 1974లో పుస్తకం ప్రచురించారు. ఆయన కుమార్తె సుధా షెనాయ్ కూడా హయెక్ సంప్రదాయంలోనే ఆర్థికవేత్త అయ్యారు.

1978 ఫిబ్రవరి 8న షెనాయ్ కన్నుమూసే నాటికి ఆయన అడిగిన వాటిలో ముఖ్యమైనవేవీ నెరవేరలేదు. స్వర్ణ నియంత్రణ చట్టం 1990లో రద్దయింది. 1991 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించి, చాలా పరిశ్రమలకు లైసెన్సులు ఎత్తేసింది. చక్కెర మిల్లుల మీద లెవీ, అంటే ఉత్పత్తిలో కొంత భాగాన్ని ప్రభుత్వానికి తక్కువ ధరకు ఇవ్వాలన్న నిబంధన, 2013 దాకా కొనసాగింది. అన్నిటికంటే ముందు ఆయన వేలు పెట్టి చూపిన జబ్బు, అంటే కేంద్రానికి డబ్బు తక్కువైనప్పుడల్లా రిజర్వ్ బ్యాంకు అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు అనే స్వల్పకాలిక రుణపత్రాలు తీసుకుని నోట్లు సమకూర్చే ఏర్పాటు, ఆయన అసమ్మతి పత్రం రాసిన 1955లోనే మొదలై 1997 మార్చి 31 వరకు సాగింది.