చిన్న బొమ్మకి చిన్న బ్రష్షా? మినియేచర్ పెయింటింగ్‌లో అపోహలు – వాస్తవాలు

పోయిన ఆదివారం కూడా అదే జరిగింది. చిన్న చిన్న బొమ్మలకి రంగులేసే మా క్లాసుకి కొత్తగా వచ్చినమ్మాయి సంచిలోంచి బ్రష్షుల సెట్టు తీసి బల్ల మీద పరిచింది. 3/0, 5/0, 10/0 సైజులు (సున్నా ముందు అంకె పెరిగేకొద్దీ బ్రష్ సన్నం), అన్నీ కనురెప్ప వెంట్రుకలంత సన్నం. "అంగుళం బొమ్మ కదక్కా, అందుకే సన్నవే ఏరి తెచ్చుకున్నా" అంది. ఆ సెట్టుకి పెట్టిన డబ్బుతో మంచి బ్రష్ ఒకటీ, నాలుగు రంగులూ వచ్చేవి. డబ్బు పోతే పోయింది, ఆ బ్రష్షుల వల్ల మనుషులే ఈ పని వదిలేసి వెళ్లిపోతున్నారు. నా బాధ అది.

అపోహ: బొమ్మ ఎంత చిన్నదైతే బ్రష్ అంత చిన్నది కావాలి.

వాస్తవం: కావలసింది మొన. సైజు కాదు.

అక్రిలిక్ రంగులో నీళ్లు ఆవిరైపోయాయంటే మిగిలేది ప్లాస్టిక్ పొర. అది మళ్లీ నీళ్లలో కరగదు. 10/0 బ్రష్‌లో పట్టే రంగు ఆవగింజలో సగం కూడా ఉండదు. మే నెల హైదరాబాదు, నెత్తిన ఫ్యాను. ప్యాలెట్ దగ్గర ముంచి కప్ప బొమ్మ కంటి దాకా తెచ్చేలోపే మొన మీద రంగు ఆరిపోతుంది. ఆరిన మొనతో అద్దితే రంగు దిగదు. దిగలేదని నొక్కుతాం, నొక్కితే ఉండకట్టి పడుతుంది. అది చూసి "నా చెయ్యి ఇలాంటి పనికి పనికిరాదు" అనుకుంటారు. చేతి తప్పేం లేదు.

ఒకటో నంబరు రౌండ్ బ్రష్‌కి పొట్ట ఉంటుంది. ఆ పొట్టలో రంగు నిలవ ఉండి, మొనకి కొంచెం కొంచెంగా అందుతూ ఉంటుంది. కొనేముందు నీళ్లలో తడిపి ఒక్కసారి విదిలించండి. వెంట్రుకలన్నీ ఒక్కచోటికి చేరి సూదిమొనలా నిలబడితే తీసుకోండి, రెండుగా చీలితే అక్కడే పెట్టేయండి. నేను కుందేలు మీసాలు కూడా ఒకటో నంబరుతోనే గీస్తాను. రంగుని పాలంత పలచన చేసుకుని, ఒక డబ్బా మూతలో తడి టిష్యూ పరిచి, దానిపైన బేకింగ్ పేపర్ వేసి ప్యాలెట్‌గా వాడండి. ఫ్యాను కింద కూడా రంగు తొందరగా ఆరదు.

మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. గొడుగు పట్టుకున్న కప్ప బొమ్మని మనవరాలి కోసం తెప్పించుకున్నారు. మూడు వారాలు ఒక్క కంటితోనే కుస్తీ పట్టి, చివరికి నా దగ్గరకొచ్చి, "చెయ్యి వణుకుతోందమ్మా, వయసైపోయింది, వదిలేస్తాను" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. బ్రష్ చూస్తే 5/0, మొన మీద ఎండిన తెల్లరంగు. నా బ్రష్ చేతికిచ్చి, బొమ్మని పాత మాత్రల సీసా మూత మీద అంటించి, "మోచేతులు బల్ల మీద ఆనించండి మాస్టారూ, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించండి" అన్నాను. అలా పట్టుకుంటే వణుకు ఆగదు గానీ రెండు చేతులూ కలిసే వణుకుతాయి, కాబట్టి గీత చెడదు. కన్నంతా నలుపు వేయించాను. ఆరాక రెండు కళ్లకీ ఒకే పక్కన, పైవైపు ఒక్కో తెల్లచుక్క. కప్ప ఆయనవైపు చూసింది. పది నిమిషాలు పట్టలేదు.

ఇక ముద్దు బొమ్మలంటే సులువనుకునేవాళ్లు. బోర్డు గేముల కోసం ఏళ్ల తరబడి సైనికుల బొమ్మలకి రంగులేశాను. ఒకే యూనిఫాం నలభై మందికి వేసి వేసి, ఒక వానాకాలం బ్రష్ ముట్టబుద్ధి కాలేదు. అప్పుడు స్నేహితురాలు పుట్టగొడుగు టోపీ పెట్టుకున్న ముళ్లపంది బొమ్మ ఒకటి ఇచ్చింది. మళ్లీ కూర్చోగలిగానంటే దానివల్లే. అయితే సులువని మాత్రం చెప్పను. కవచానికి అంచులుంటాయి, డ్రై బ్రష్ చేస్తే, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దితే, వాటంతటవే మెరుస్తాయి. కప్ప పొట్ట నున్నగా ఉంటుంది, రంగు మారే చోట గీత పడితే ఇట్టే కనిపిస్తుంది. అక్కడ పలచని పూతలు నాలుగైనా వేయాలి. బొచ్చున్న జంతువైతే డ్రై బ్రష్ చాలు, ఒక్కో వెంట్రుకా గీయక్కర్లేదు.

రంగులు సహజంగా ఉండాలని కూడా భయపడతారు. తొలకరికి మన పొలాల్లో మగ గోదురుకప్ప నిమ్మపండులా పసుపెక్కి, గొంతుకి రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బించి అరుస్తుంది. అది చూసినవాళ్లకి ఏ రంగూ అసహజం అనిపించదు. నా డ్రాగన్ పిల్ల రెక్కలకి పాలపిట్ట నీలాలే వేశాను.

ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగుపూత, అక్కర్లేదని వీడియోల్లో ఎవరో చెప్పారట. కావాలి. కొండపల్లి వాళ్లు తెల్లపొణికి బొమ్మ మీద ముందు తెల్లసున్నం పూశాకే రంగు వేస్తారు. రెజిన్ (అచ్చులో పోసి చేసే ఒక రకం ప్లాస్టిక్) బొమ్మనైతే దానికీ ముందు సబ్బునీళ్లతో కడగాలి. వాన పడేటప్పుడు పైపూత స్ప్రే చేయకండి, గాల్లో తేమకి అది తెల్లగా మసకబారుతుంది. బ్రష్ మొనని నోట్లో పెట్టి తడపకండి. రంగు ఏ రకమైనా సరే.

ఇంకొకటి, ముంగిస వెంట్రుకల బ్రష్ అయితే మొన బాగుంటుందని కొందరు చెవిలో చెబుతుంటారు. ముంగిస 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. ఆ బ్రష్ అమ్మడమే కాదు, కొనడమూ నేరమే. ఒక జంతువుని చంపి తెచ్చిన వెంట్రుకలతో ఇంకో జంతువు బొమ్మకి కళ్లు దిద్దడం నావల్ల కాదు. కొట్లో ఇది ఏ వెంట్రుకో అడగండి, సరిగ్గా చెప్పకపోతే సింథటిక్ తీసుకోండి. కొన్నాళ్లకి దాని మొన కొక్కెంలా వంగుతుంది. అప్పుడు దాన్ని డ్రై బ్రష్‌కి ఉంచుకుని ఇంకొకటి కొనుక్కోండి. అదీ ఒకటో నంబరే.