రాగిరేకుల్లో లేనిది, అంకెల్లో ఉన్నది

తిరుమల రాగిరేకుల మీద అన్నమయ్య పదాల సాహిత్యం ఉంది, రాగాల పేర్లు ఉన్నాయి, కానీ స్వరం లేదు. అందువల్ల తరవాతి కాలపు విద్వాంసులు ఆ పదాలకు కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది. ఒకే పదం ఇద్దరి నోట రెండు వరుసల్లో వినిపించడానికి కారణం ఇదే. ఇంట్లో డిజిటల్ పాటలు వినడానికి డాక్ (DAC) అనే పరికరం కొనాలనుకునేవారు ముందుగా ఈ రేకులను తలచుకోవాలని నా అభిప్రాయం. డిజిటల్ పాట కూడా ఒక రాతే, కాకపోతే ఆ రాతలో స్వరం పోలేదు.

అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే పరికరమే డాక్. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 65,536 స్థాయిల్లో ఒకదానిగా నమోదు చేస్తారు. కొలతకూ కొలతకూ నడుమ జరిగినది రాయలేదు కదా, గమకం అక్కడ తెగిపోదా అన్న సందేహం సహజం. ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిచినట్లయితే, ఆ పరిధికి లోబడి ఆ బిందువులన్నిటి గుండా సాగే తరంగం ఒక్కటే ఉంటుందని క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పత్రంలో నిరూపించారు. మనిషి చెవి హద్దు సుమారు 20,000 హెర్ట్జ్ కనుక 44,100 కొలతలు చాలు. ప్రకటనల్లో చూపే మెట్లమెట్ల గీత డాక్ లోపలి ఫిల్టర్ దాటాక మిగలదు. అంటే డాక్ వరుస కట్టనక్కరలేదు, ఉన్న వరుసను చెడగొట్టకుండా ఉంటే చాలు. సెకనుకు ఎన్ని వేల కొలతలో చెబుతూ పెట్టె మీద 192, 384 అని అచ్చువేసిన అంకెలకు ఎక్కువ డబ్బు పెట్టవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

చెడగొట్టేది ఏదో నాకు మా ఇంట్లోనే తెలిసింది. లాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ తీగ డాక్‌కు, అక్కడి నుంచి యాంప్లిఫయర్‌కు కలిపాను. కచేరీ రికార్డింగులో తంబురా ఒంటరిగా మోగే మొదటి క్షణాల్లో దాని అడుగున మరొక రొద, ఆపకుండా, శ్రుతికి కలవకుండా వినిపించేది. చార్జర్ పీకితే పోయేది, పెడితే వచ్చేది. లాప్‌టాప్, యాంప్లిఫయర్ రెండూ మూడు పిన్నుల ప్లగ్గులతో ఎర్త్‌కు కలిసి ఉండడంతో, ఆడియో తీగ గుండా ఒక వలయం ఏర్పడి, మన 50 హెర్ట్జ్ కరెంటు రొద అందులోకి చొరబడింది. ఆప్టికల్ తీగలో పోయేది వెలుగు, కరెంటు కాదు. లాప్‌టాప్‌కు ఆ సాకెట్ లేకపోవడంతో, యూఎస్‌బీని ఆప్టికల్‌గా మార్చే చిన్న పరికరం తెచ్చి కలపగానే రొద పూర్తిగా ఆగిపోయింది. అందుకే డాక్ కొనేటప్పుడు వెనక ఆప్టికల్ సాకెట్ ఉందో లేదో తప్పక చూడాలి. హెడ్‌ఫోన్ కూడా డాక్‌కే తగిలించేవారు, డాక్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం, ఓమ్‌లలో చెబుతారు) హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకుండా చూసుకోవాలి.

రెండు డాక్‌లను పోల్చేటప్పుడు చెవి సులభంగా మోసపోతుంది. ఒకటి 2 వోల్టులు, మరొకటి 2.2 వోల్టులు ఇస్తే తేడా 0.8 డెసిబెల్ మాత్రమే అయినా, ఆ కాస్త గట్టితనమే మనకు స్పష్టతగా తోస్తుంది. 100 హెర్ట్జ్ స్థిరధ్వని మోగించి, స్పీకర్ తీగల దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలిచి రెంటినీ సమం చేశాకే వినాలి.

తిరుపతి సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న మా అక్కను కూర్చోబెట్టి, ఏది మోగుతున్నదో చెప్పకుండా ఇలాగే వినిపించాను. ఆరేడు వేల రూపాయల డాక్‌నూ, స్నేహితుడి దగ్గర తెచ్చిన అంతకు పది రెట్ల ఖరీదైనదాన్నీ ఎన్నిసార్లు మార్చినా ఆమె నిలకడగా గుర్తుపట్టలేకపోయింది. ఆ తరవాత స్పీకర్లను గోడ నుంచి రెండు జానలు ముందుకు జరిపాను. ఆమె వెంటనే కళ్లు తెరిచి, "ఇప్పుడు మంద్రంలో తీగ విడిగా తెలుస్తోందిరా, ఏం మార్చావు?" అని అడిగింది.