52లో 27 పోతే 35 ఎందుకైంది?

52లోంచి 27 తీసేస్తే 35 అని ఒక పాప నోటుబుక్కులో రాసింది. ఒక టీచర్ ఇంటూ కొట్టి, పక్కనే 25 అని రాసి పంపేస్తారు. ఇంకో టీచర్ "ఎలా చేశావమ్మా?" అని అడుగుతారు. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకే ఏడులోంచి రెండు తీసేశానంటుంది పాప. లెక్క ఇద్దరు టీచర్లకీ వచ్చు. కానీ మొదటివారికి జ్ఞానం అంటే అప్పజెప్పాల్సిన సరైన జవాబు, రెండోవారికి పిల్లలు ఆలోచిస్తూ కట్టుకునేది.

జ్ఞానం అంటే ఏమిటన్న ఇలాంటి నమ్మకాల మీద పరిశోధన మొదలైంది టీచర్లతో కాదు, విద్యార్థులతో. అమెరికాలో విద్యా పరిశోధకుడు విలియం పెర్రీ హార్వర్డ్ యూనివర్సిటీ విద్యార్థులతో ఏటేటా మాట్లాడి, 1970లో పుస్తకం తెచ్చారు. మొదట్లో చాలామందికి ఏ ప్రశ్నకైనా ఒకటే జవాబు, అది ప్రొఫెసర్‌కి తెలుసు. చదువు సాగేకొద్దీ ఆ ధీమా సడలింది. 1990లో మార్లీన్ షోమర్ అనే పరిశోధకురాలు ఇవే నమ్మకాలను ప్రశ్నావళితో కొలిచే ప్రయత్నం చేశారు: జ్ఞానం మారనిదా, విడివిడి ముక్కలా, తెలివి పుట్టుకతో వచ్చేదా? ప్రశ్నావళి మీద నాకు కాస్త అనుమానమే. అడిగేవాళ్లకు ఏది నచ్చుతుందో టీచర్లకు ఇట్టే తెలిసిపోతుంది.

అంతకన్నా టీచర్ల మీద పరిశోధించిన సామాజికశాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో చెప్పినది సూటిగా తగులుతుంది. స్కూలు చదువు ముగిసేసరికి ఒక విద్యార్థి దాదాపు 13 వేల గంటలు టీచర్ల ఎదుట గడుపుతాడని ఆయన లెక్క. బోధన అంటే ఏమిటో అక్కడే, బెంచీ మీద కూర్చునే నేర్చేసుకుంటాం. కాకపోతే మనకు కనిపించేది టీచర్ చేసే పని మాత్రమే. దాని వెనక ఆలోచన కనిపించదు. ఇక ట్రైనింగ్ ఎన్ని నెలలని దాన్ని చెరపగలదు?

కాలిఫోర్నియాలో 1980లలో గణిత బోధనను మార్చబోయినప్పుడు ఇదే బయటపడింది. డేవిడ్ కోహెన్ అనే విద్యా పరిశోధకుడు ఒక టీచర్ క్లాసులో కూర్చుని చూసి 1990లో రాశారు. తన బోధన పూర్తిగా మారిపోయిందని ఆమె నిజంగానే నమ్మారు. కొత్త సామగ్రి వాడారు, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టారు. కానీ ఆ గుంపుల్లో పిల్లలు ఒకరితో ఒకరు లెక్క గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ. మాటంతా ఆమె మీదుగానే నడిచింది.

అలాగని తప్పంతా నమ్మకానిదే అనలేం. "ఎలా చేశావమ్మా" అని అడగాలని మనసులో ఉన్నా, సిలబస్ తరుముతుంటే, పరీక్ష దగ్గరపడుతుంటే చేతిలోని ఎర్ర పెన్ను ఇంటూ కొట్టేసి తర్వాతి నోటుబుక్కు అందుకుంటుంది.