స్టార్మ్‌వాటర్ ఫీజు, స్టాప్ సైన్: అమెరికాలో ఇల్లున్న తెలుగువారికి అపోహలు - వాస్తవాలు

బిల్లులో స్టార్మ్‌వాటర్ (వాన నీటి పారుదల) ఫీజు కనబడగానే ఒక ఈమెయిల్, వీధిలో కారు దూసుకుపోగానే ఇంకొకటి. చాలా ఊళ్లలో రెండూ చేరేది పబ్లిక్ వర్క్స్ ఆఫీసుకే. ఏం అడగాలో తెలియక న్యాయమైన ఫిర్యాదులు కూడా అక్కడ మూలన పడిపోతున్నాయి.

అపోహ: ఇది వాన మీద పన్ను.

వాన మీద కాదు, నీరు ఇంకని జాగా మీద. 1,000 చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే సుమారు 620 గ్యాలన్లు దిగుతాయి. పచ్చికలో కొంతైనా ఇంకుతుంది, కప్పు మీదా డ్రైవ్‌వే మీదా పడింది దాదాపు అంతా వీధిలోకే వస్తుంది. ఆ నీటిని మోసే పైపుల బాగోగులకీ, వాన నీటిని వాగుల్లోకి వదలడానికి ఊళ్లు తీసుకునే పర్మిట్ (1987లో క్లీన్ వాటర్ యాక్ట్ సవరణతో మొదలైంది) షరతులకీ ఈ డబ్బు ఖర్చవుతుంది. మేరీలాండ్‌లో 2012 చట్టం పది స్థానిక ప్రభుత్వాలకి ఫీజు తప్పనిసరి చేసినప్పుడు దానికి 'రెయిన్ ట్యాక్స్' అని పేరు పడింది. 2015లో ఆ నిర్బంధం ఎత్తేశారు. కోర్టులు కూడా అన్నిచోట్లా ఒకే మాట అనలేదు. లాన్సింగ్ నగరం వసూలు చేస్తున్నది పన్నేనని మిషిగన్ సుప్రీంకోర్టు 1998లో కొట్టేసింది. కొలంబియా కౌంటీది ఫీజేనని జార్జియా సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. అందుకే ఫీజు మీద జరిగే హియరింగ్‌లో నిలబడ్డప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ డబ్బుకి విడి ఖాతా ఉందా? నా వంతు నా ఇంటి నుంచి వచ్చే నీటికి తగ్గట్టే ఉందా? తగ్గించుకునే దారి ఉందా?

అపోహ: గుడికి ప్రాపర్టీ ట్యాక్స్ లేదు కాబట్టి ఇదీ ఉండదు.

ఫీజు గనక చాలాచోట్ల గుడి, చర్చి, బడి అన్నీ కట్టాల్సిందే. 2011 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం ఫెడరల్ భవనాలూ కట్టాలి. లెక్క ఇలా ఉంటుంది: ఒక సగటు ఇంట్లో నీరు ఇంకని జాగా 2,500 చదరపు అడుగులు, అదే ఒక వాటా, వాటాకి నెలకి 5 డాలర్లు అనుకుందాం. 40,000 చదరపు అడుగుల పార్కింగ్ అంటే 16 వాటాలు, ఏడాదికి 960 డాలర్లు. పార్కింగ్ పెంచాలనుకునే గుడి కమిటీలు తారు పోయకముందే ఈ లెక్క వేసుకోవాలి.

అపోహ: లెక్క తప్పైనా చేసేదేం లేదు.

ముందు మీ ఊళ్లో ఇళ్లకి ఒకటే రేటా, కొలిచి వేస్తారా చూడండి. ఒకటే రేటైతే కొలతతో పని లేదు. కొలిచేచోట ఆధారం ఎక్కువగా ఏరియల్ ఫోటోలే. తీసేసిన షెడ్డు ఇంకా లెక్కలో ఉండటం, పక్కింటి డ్రైవ్‌వే ముక్క మీ ఖాతాలో పడటం ఇలాంటి చోట్ల జరిగే పొరపాట్లు. కౌంటీ మ్యాప్‌లో మీ ప్లాట్ తెరిచి, కొలిచి, తేదీ ఉన్న ఫోటోలతో అప్పీల్ పెట్టండి. క్రెడిట్ (ఫీజులో తగ్గింపు) కోసం ఒక్క రెయిన్ బ్యారెల్‌ని నమ్ముకోవద్దు. 1,000 చదరపు అడుగుల కప్పు నీళ్లన్నీ అందులోకి మళ్లిస్తే, 55 గ్యాలన్ల పీపా అంగుళంలో పదో వంతు వాన కూడా పడకముందే నిండిపోతుంది.

అపోహ: ఫీజు కడుతున్నాం, పాండ్ సంగతి కౌంటీ చూసుకుంటుంది.

చాలా సబ్‌డివిజన్లలో పాండ్, అంటే వాన నీటిని కాసేపు ఆపే గుంట, హెచ్‌ఓఏది (ఇళ్ల యజమానుల సంఘానిది). మన చెరువుకి కట్ట, తూము, అలుగు ఉన్నట్టే దానికీ ఉంటాయి. కాంక్రీటు పెట్టెకి అడుగున కొద్ది అంగుళాల రంధ్రం, అదే తూము. దాని ముందున్న జాలీకి ఆకులు అడ్డం పడితే రెండు మూడు రోజుల్లో ఖాళీ కావలసిన నీరు అలాగే నిలిచిపోతుంది, మరుసటి వానకి చోటుండదు. కట్ట మీద చెట్లు మొలవనివ్వకండి. వేళ్లు కుళ్లిన దారిలోనే నీరు ఊరుతుంది. పెద్ద వాన తర్వాత ఎవరో ఒకరు వెళ్లి ఆ జాలీ చూసి రావాలి. హెచ్‌ఓఏ కాంట్రాక్టులో గడ్డి కోత ఉంటుంది, ఈ పని రాసి ఉందో లేదో విడిగా చూసుకోండి.

అపోహ: స్టాప్ సైన్ పెడితే వేగం తగ్గుతుంది.

దేశమంతటా పాటించే ట్రాఫిక్ సైన్ల మాన్యువల్ వేగం తగ్గించడానికి స్టాప్ సైన్ వాడవద్దనే చెబుతుంది. అవసరం లేనిచోట పెడితే డ్రైవర్లు పూర్తిగా ఆగరు, దాటాక వేగం పెంచుతారు. సైన్‌ని నమ్మి రోడ్డు దాటే పిల్లలకి అదే ప్రమాదం. నాలుగు రోడ్ల కూడలిలో అన్ని వైపులా స్టాప్ పెట్టాలంటే చూసే కొలమానాల్లో ఒకటి, దాంతో నివారించగల ప్రమాదాలు 12 నెలల్లో 5 నమోదు కావడం. పోలీసు రిపోర్టు లేని గుద్దుడు ఆ లెక్కలోకి రాదు, చిన్నదైనా రిపోర్టు రాయించండి. మలుపులో పొద అడ్డమైతే మూడున్నర అడుగుల ఎత్తు నుంచి, అంటే కారులో డ్రైవర్ కన్ను ఉండే ఎత్తు నుంచి, ఫోటో తీసి పంపండి. పొద కొట్టించడం స్టాప్ సైన్ కన్నా త్వరగా అయ్యే పని.

స్పీడ్ హంప్ సుమారు 12 అడుగుల పొడవు, మూడు మూడున్నర అంగుళాల ఎత్తు. అంచుల్లో దాన్ని పలచగా దించకపోతే గటర్ నీరు ఆగి ఎవరో ఒకరి డ్రైవ్‌వే ముందు మడుగు కడుతుంది. అందుకే "ఇక్కడ హంప్ వేయండి" అనకుండా ఏ రెండు క్రాస్ వీధుల మధ్య, ఏ దిశలో, ఏ వేళల్లో వేగం ఎక్కువో రాయండి. వాహనాలనీ వేగాన్నీ లెక్కించే కౌంటర్ ట్యూబులు పరచాల్సిన చోటు దాన్నిబట్టే తేలుతుంది. రోడ్డు సిటీదా, కౌంటీదా, రాష్ట్రానిదా, హెచ్‌ఓఏదా ముందే చూసుకోండి.

అపోహ: రోడ్డు మీద గుంత ఏదైనా పాట్‌హోలే.

ఇన్లెట్ (వాన నీరు పైపులోకి దిగే చోటు) పక్కన, పైపు పోయే వరుసలో తారు గిన్నెలా కుంగిందంటే, కింద పైపు అతుకులోంచి మట్టి జారిపోతోందేమోనని అనుమానించాలి. పాట్‌హోల్ అని రాస్తే తారు పోసి వెళ్తారు, కొన్ని వానల్లో మళ్లీ కుంగుతుంది. "స్టార్మ్ పైపు మీద రోడ్డు కుంగింది" అని ఆ మాటలతోనే రాయండి, పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో జోడించండి. అప్పుడు పైపు లోపలికి కెమెరా పంపి చూసే వీలుంటుంది.