నాలుగా, ఆరా? చంటిబిడ్డ మొదటి ముద్ద గొడవ వెనక కథ

తిరుపతి తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అదే రగడ. అమెరికాలో ఉన్న ఆడబిడ్డ ఫోన్ చేసి "మా డాక్టర్ నాలుగు నెలలు నిండగానే బిడ్డకి తిండి పెట్టొచ్చన్నాడు, చెనక్కాయ పొడి కూడా కలపమన్నాడు" అంటుంది. ఇక్కడి డాక్టరమ్మేమో ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్ళు కూడా వద్దంటుంది. మధ్యలో అవ్వ: "నాలుగు నిండాక జావ పెట్టమని నేను చెప్తే మూఢనమ్మకం, అమెరికా వాళ్ళు చెప్తే సైన్సా?" అవ్వ అడిగిన దాంట్లో న్యాయం ఉంది, అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

డబ్బా పాల కంపెనీల భాగోతం, వాటి మీద జరిగిన ఉద్యమాలు, వాటి అమ్మకాల మీద 1981లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి, ఇవన్నీ చాలాచోట్ల చదివే ఉంటారు కాబట్టి వదిలేస్తున్నా. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే ఒక్క ఘట్టం చాలు. 2001 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు తమ వార్షిక సభలో ఒక తీర్మానం చేశాయి: బిడ్డకి ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టొద్దు, ఆ తర్వాత మెత్తటి తిండి మొదలుపెట్టి, పాలు మాత్రం రెండేళ్ళు, ఇంకా పైన కూడా ఇవ్వండి. ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది గానీ, అంతకుముందు దాదాపు రెండు దశాబ్దాల పాటు అదే సంస్థ "నాలుగు నుంచి ఆరు నెలలు" అని చెప్తూ వచ్చింది. అంటే నాలుగు నిండాక ఎప్పుడు మొదలుపెట్టినా తప్పు లేదనే కదా.

మన చట్టంలో కూడా ఆ జాడ ఉంది. పాల డబ్బాలు, పాలసీసాలు, శిశు ఆహారాల అమ్మకాన్ని కట్టడి చేస్తూ 1992లో పార్లమెంటు చట్టం తెచ్చింది. అందులో శిశు ఆహారం అంటే నాలుగు నెలలు దాటిన బిడ్డకి తల్లిపాలకి తోడుగా పెట్టేది అని రాశారు. 2003లో సవరించి ఆ నాలుగుని ఆరు చేశారు. మధ్యలో ఆ పదకొండేళ్ళూ ఢిల్లీ లెక్క కూడా నాలుగే.

ఇప్పుడు అవ్వల వయసు లెక్కేసుకోండి. ఇవాళ మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తున్న చిత్తూరు జిల్లా అవ్వ ఎనభైల చివర్లోనో తొంభైల్లోనో బిడ్డని కనుంటుంది. ఆమెకి నాలుగో నెల నిండాక జావ మొదలుపెట్టమని చెప్పింది ఎవరో ఊరి ముసలమ్మ కాదు, టీకాలకి తీసుకెళ్తే ఆసుపత్రిలోనే చెప్పుంటారు, ఎందుకంటే అప్పుడు డాక్టర్లు చదువుకున్నదే అది. ఆమె ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది, బిడ్డ పెరిగింది, పెళ్ళయింది, కాన్పుకి పుట్టింటికొచ్చింది. ఈలోగా లెక్క మారిపోయింది. మారిందని డాక్టర్లకి సర్క్యులర్లు వెళ్ళాయి, అంగన్‌వాడీ గోడల మీద బొమ్మలు మారాయి, అవ్వకి మాత్రం ఎవరూ చెప్పలేదు. కూతురు నేరుగా "అమ్మా, నీకేం తెలీదు" అనేసింది.

పైగా ఆమె పెట్టింది ఏమీ ఆషామాషీ తిండి కాదు. రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, సన్నటి మొలకలు రాగానే నీడపట్టున ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించి పల్చటి గుడ్డలో జల్లిస్తారు. ఆ పిండితో కాచిన జావ మామూలు రాగిపిండి జావలా గడ్డకట్టదు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విరగ్గొట్టడమే దానికి కారణం. జావ పల్చగానే ఉంటుంది కానీ పిండి ఎక్కువ పడుతుంది, చిన్న కడుపుకి అదే గిన్నెలో ఎక్కువ బలం అందుతుంది. గింజలోని ఇనుము ఒంటికి పట్టడం కూడా మెరుగవుతుంది. పేరున్న డబ్బాల మీద ఇదే సంగతి పెద్దక్షరాల్లో వేసి అమ్ముకుంటారు.

మరి లెక్క ఎందుకు మార్చారు? ఒక కారణం మధ్య అమెరికాలోని హోండురాస్ అనే దేశంలో తేలింది. పేదింటి తొలిచూలు తల్లుల బిడ్డల్ని నాలుగో నెలలో విడదీసి, కొందరికి తల్లిపాలే, కొందరికి పాలతో పాటు శుభ్రంగా తయారుచేసిన తిండి పెట్టి చూశారు, ఫలితాలు 1994లో వచ్చాయి. తిండి తిన్న బిడ్డలు ఆ మేరకు పాలు తాగడం తగ్గించారు, బరువులో గానీ పొడవులో గానీ ఏ తేడా లేదు. ఇళ్ళల్లో ఆ తిండి అంత శుభ్రంగా ఉండదు కాబట్టి, లాభం లేనిదానికి విరేచనాల ప్రమాదం ఎందుకని ఆరుకి జరిపారు. నీళ్ళ సంగతీ అంతే. మేలో తిరుపతి ఎండ చూసి బిడ్డకి గొంతు ఎండుతుందేమోనని టెన్షన్ పడని ఇల్లు ఉండదు, కానీ తల్లిపాలల్లో వంద పాళ్ళకి 87 నీళ్ళే. ఢిల్లీ ఎండాకాలంలో పాలు తప్ప చుక్క నీళ్ళు తాగని బిడ్డల మీద అక్కడి డాక్టర్లు చేసిన పరీక్షల ఫలితాలు 1991లో అచ్చయ్యాయి, నీళ్ళ కొరత ఎక్కడా కనపడలేదు. ఈ రెండు ముక్కలూ అవ్వని కూర్చోబెట్టి చెప్తే ఒప్పుకోదా? ఒప్పుకుంటుంది. చెప్పే పద్ధతిలోనే ఉంది తేడా.

ఆడబిడ్డ మాట వేరే దారిలో వచ్చింది. బ్రిటన్‌లో యూదుల పిల్లలకి చెనక్కాయ ఎలర్జీ ఇజ్రాయెల్‌లో ఉన్న వాళ్ళ తోటి పిల్లల కంటే పది రెట్లు ఎక్కువగా ఉండడం పరిశోధకులు గమనించారు. ఇజ్రాయెల్‌లో పిల్లలకి మొదటి ఏడాదిలోనే చెనక్కాయ చిరుతిండి అలవాటు. దాన్నిబట్టి బ్రిటన్‌లో ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసిబిడ్డల మీద ప్రయోగం చేస్తే, 2015లో ఫలితం వచ్చింది: నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య మొదలుపెట్టి మానకుండా పెట్టిన పిల్లల్లో ఆ ఎలర్జీ సుమారు 80 శాతం తగ్గింది. ఆ తర్వాత 2017లో ఐరోపా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం నాలుగు నెలల కంటే ముందు వద్దు, ఆరు నెలలు దాటనివ్వొద్దు అని చెప్పింది. అంటే మళ్ళీ మన అవ్వ చెప్పిన నాలుగూ ఆరూ మధ్యకే వచ్చారు. కాకపోతే అక్కడి భయం ఎలర్జీ, ఇక్కడి భయం నీళ్ళు, గిన్నెలు, చేతులు. కుళాయి నీళ్ళు నేరుగా తాగే దేశంలో డాక్టర్ ఇచ్చిన సలహాని బోరునీళ్ళ ఊరికి ఫోన్‌లో పంపడం నాకైతే నచ్చలేదు.

ఇంకో సంగతి, అవ్వలకి ఇష్టమైనది. "కడుపు నిండితే రాత్రి మేలుకోదు" అంటారు కదా, బ్రిటన్‌లోనే ఇంకో ప్రయోగంలో ముందుగా తిండి మొదలుపెట్టిన పిల్లలు ఆరో నెలలో రాత్రికి దాదాపు 16 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. అంతే, పావుగంట.

తేనె, వస విషయంలో మాత్రం అవ్వ మాట వినకూడదు. తేనెలో ఉండే ఒకరకం బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో చేరి విషం పుట్టించే బొటులిజం జబ్బుని 1976లో కాలిఫోర్నియాలో గుర్తించారు, ఏడాది నిండేదాకా నాలుకకి తేనె రాయడం కూడా వద్దు. మాటలు తొందరగా వస్తాయని వస అరగదీసి నాకించడం వల్ల వాంతులతో ఆసుపత్రికి పరుగెత్తిన బిడ్డలున్నారు. వీటి మీద రాజీ లేదు.

గొడవలో ఎవరూ పట్టించుకోనిది ముహూర్తం. మగబిడ్డకి సరిసంఖ్య నెలలో, ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాసన చేయడం ఆచారం. ఐదో నెల అంటే నాలుగు నిండి ఐదోది నడుస్తుండగా, ఆరో నెల అంటే ఐదు నిండాక. డాక్టరమ్మ చెప్పే ఆరు నిండడం అవ్వ పంచాంగంలో ఏడో నెల. ఇద్దరూ ఆరే అంటూ నెల తేడాతో పోట్లాడుకునే ఇళ్ళు ఎన్నో. ఆడపిల్లకైతే ఏడో నెల ముహూర్తం పెట్టిస్తే సరిపోతుంది, మగపిల్లాడికి ఆరో నెలలో పరమాన్నం నాలుకకి తాకించి, ఆరు నిండేదాకా తిండి ఆపితే అయిపోతుంది. చాలామంది అయ్యవార్లు దీనికి ఒప్పుకుంటారు కూడా.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్ళీ మార్గదర్శకాలు ఇచ్చింది, ఆరు నెలలే అని నిలబడింది. అందులోనే, తల్లిపాలు అందని బిడ్డకి ఆరు నుంచి పదకొండు నెలల మధ్య డబ్బా పాలైనా పశువుల పాలైనా ఇవ్వొచ్చు అని రాసింది. ఇంట్లో ఆవు కట్టేసి ఉన్నా డబ్బా కొనమన్న కూతుళ్ళు ఇది చదవాలి. రోజూ గుడ్డో చేపో మాంసమో పెట్టాలని కూడా అంది. మనదగ్గర ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు, గుడ్లూ ఇస్తారు, ఏడాది లోపు బిడ్డకి గుడ్డు వేడి చేస్తుందని ఆ గుడ్డు పెద్దపిల్లాడి కంచంలోకి వెళ్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది నూటికి 11 మందికే, మన రాష్ట్రంలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తం తక్కువ. ఎప్పుడు మొదలుపెట్టాలని ఇంత కొట్టుకున్నాక, ఎనిమిదో నెలలో గిన్నెలో ఏముందని ఏ గ్రూపులోనూ ఎవరూ అడగలేదు.