అడవి దారుల్లో తోడుకు ఎలాంటి కుక్క?

అడవుల్లో, కొండల్లో రోజుల తరబడి నడిచేవాళ్లు కుక్కను వెంట తీసుకెళ్దామనుకోగానే ముందు అడిగేది "ఏ జాతి మంచిది?" అనే. ఒంటి తీరు కోసమైతే ఆ ప్రశ్న సరైనదే. మంచులో తిరగాలంటే ఒత్తైన బొచ్చు కావాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్క ఎండలో కొండ ఎక్కలేదు. కుక్కలు ఒంటి వేడిని ప్రధానంగా రొప్పుతూనే తగ్గించుకుంటాయి, ఆ ముక్కులో గాలి సరిగా ఆడదు. స్వభావం సంగతికి వస్తే మాత్రం జాతి పేరును బట్టి తెలిసేది చాలా తక్కువ.

2022లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తన గురించి యజమానులను అడిగి, వాటిలో రెండు వేలకు పైగా కుక్కల జన్యుక్రమాన్ని పరిశీలించారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతిని బట్టి చెప్పగలిగింది సుమారు 9 శాతమే. మాట వినే గుణం కాస్త జాతితో ముడిపడి ఉంది. ఎంత తేలిగ్గా బెదిరి రెచ్చిపోతుందన్నది మాత్రం జాతిని చూసి దాదాపు చెప్పలేం. అడవిలో మనకు ముఖ్యమైనది అదే!

అందుకే నేనైతే ముందు చూసేది, భయపడ్డాక కుక్క ఎంత త్వరగా తేరుకుంటుందని. ఉరుముకో, విరిగిపడిన కొమ్మకో ఉలిక్కిపడని కుక్క ఉండదు. భయం వేయగానే ఒంట్లో అడ్రినలిన్ ఎగుస్తుంది, దాని వెనకే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. ఈ కార్టిసాల్ తగ్గడానికి ఎక్కువసేపు పడుతుంది. ఈలోగా మరో భయం వస్తే టెన్షన్ మీద టెన్షన్. అలాంటి కుక్క తిండి మానేస్తుంది, రాత్రి నిద్రపోదు, చివరికి తాడు తెంపుకుని పారిపోయి దారి తప్పుతుంది. తెలుసుకోవడం కష్టమేం కాదు. కొత్త చోట, కాస్త దూరంలో ఒక గిన్నె మూత కింద పడేసి చూడండి. మంచి కుక్క అదిరిపడి, కొన్ని క్షణాలకే ఏమిటా అని వాసన చూడటానికి వస్తుంది. తోక ముడుచుకుని, ఇష్టమైన తిండి పెట్టినా ముట్టకపోతే దానికి అడవి శిక్షే అవుతుంది. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే బెదిరించకూడదు.

తర్వాతది వేట కోరిక. కనిపెట్టడం, పొంచడం, తరమడం, పట్టుకోవడం, చంపడం అనే వరసలో మనుషులు ఒక్కో రకం కుక్కలో ఒక్కో ముక్కను పెంచారు, మరో ముక్కను తగ్గించారు. గొర్రెలను కాసే బోర్డర్ కోలీలో చూపు నిలిపి పొంచడం, తరమడం మిగిలాయి. తరమడమే కుక్కకు ఆనందం, దానికి వేరే బహుమతి అక్కర్లేదు. అందుకే ఈ అలవాటు మాన్పించడం చాలా కష్టం. జింక వెంట పడిన కుక్క మైళ్లు పోతుంది. ఎలుగుబంటి మీదికి పోయిన కుక్క ఒక్కోసారి దాన్ని వెంటేసుకుని యజమాని దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. కళ్ల ముందు ఏదో కదులుతున్నప్పుడు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పే కుక్క దొరికితే వదులుకోకండి.

ఇక వయసు. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో ఒక పుస్తకం ప్రచురించారు. సుమారు మూడు నుంచి పన్నెండు వారాల మధ్య చూసిన మనుషులు, చప్పుళ్లు, చోట్లు జీవితాంతం మామూలుగా అనిపిస్తాయని వాళ్లు చూపారు. పిల్లను తెచ్చుకుంటే ఆ వారాలు ఎక్కడ, ఎలా గడిచాయో అడగాలి. అయినా పిల్లప్పటి పరీక్షలను, ముఖ్యంగా బెదురు విషయంలో, అంతగా నమ్మలేం. పైగా ఎముకల ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే సుమారు ఏడాది, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర వరకు, బరువులతో దూరాలు నడిపించకూడదు. నా మాట అడిగితే రెండేళ్లు నిండిన కుక్కను తీసుకోమంటాను. దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకునేదైతే, అక్కడి గోలలో అణిగిపోయిన కుక్క అసలు స్వభావం బయటపడటానికి వారాలు పట్టొచ్చు. ముందు ఇంట్లో ఉంచుకుని చూస్తామని అడగండి. దగ్గర్లో ఒక రాత్రి టెంట్‌లో కలిసి పడుకుని చూశాకే దూర ప్రయాణం పెట్టుకోండి.