80 శాతం డీఎన్‌ఏ పనిచేస్తుందట! ఈ మాట ఎక్కడ పుట్టింది?

"మన డీఎన్‌ఏలో పనికిరానిది అంటూ ఏమీ లేదు, 80 శాతం పనిచేస్తుందని సైన్సే చెప్పింది" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ అంకె గాల్లోంచి రాలేదు. 2012 సెప్టెంబరులో ఎన్‌కోడ్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు ఒకేసారి 30 పేపర్లు విడుదల చేసింది. వందల మంది ఏళ్ల తరబడి చేసిన పని అది. అందులో మనిషి జీనోమ్‌లో (అంటే మొత్తం డీఎన్‌ఏలో) 80 శాతానికి 'బయోకెమికల్ ఫంక్షన్', అంటే ఏదో ఒక రసాయన పని, ఉందన్న ఒక్క ముక్క పట్టుకుని చాలా పత్రికలు జంక్ డీఎన్‌ఏకి, అంటే పనిలేని డీఎన్‌ఏ అన్న మాటకి, తద్దినం పెట్టేశాయి. జీవులను ఓ తెలివైన కర్త రూపొందించాడనే అమెరికాలోని ఇంటెలిజెంట్ డిజైన్ వాదులకైతే పండగే పండగ.

ఈ జంక్ అన్న పేరును వాడుకలోకి తెచ్చినవాడు జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో, 1972లో. నోటికొచ్చినట్టు అన్నది కాదు. డీఎన్‌ఏ అంతా కీలకమే అయితే తరతరానికీ వచ్చిపడే మ్యుటేషన్లలో (డీఎన్‌ఏ మార్పుల్లో) చాలావరకు ఎక్కడో ఒకచోట దెబ్బకొట్టాలి, అంత భారం ఏ జాతీ మోయలేదు, అదీ ఆయన లెక్క.

'ఫంక్షన్' అన్న మాటతో వచ్చే అసలు చిక్కు ఇంకా పాతది. గడియారం ఉందంటే చేసినవాడూ ఉన్నట్టే, జీవులూ అంతే అని 1802లో ఇంగ్లండు మతబోధకుడు విలియం పేలీ వాదించాడు. 1859లో డార్విన్ వచ్చి చేసినవాడితో పని లేకుండా చేశాడు: పనికొచ్చిన మార్పు ఎక్కువ సంతానంతో నిలబడింది, అంతే. దీన్నే సహజ వరణం అంటారు. అయినా బయాలజిస్టులు "గుండె ఉన్నది రక్తం పంప్ చేయడానికి" అనడం మానలేదు, మానలేరు కూడా. ఆ ఇబ్బంది తీర్చుకోవడానికే 1958లో బయాలజిస్టు కోలిన్ పిటెండ్రిగ్ 'టెలియోనమీ' (ఎవరి ఉద్దేశమూ లేకుండానే ఒక పనికోసమన్నట్టు ఉండటం) అనే కొత్త పదం పుట్టించాడు.

గుండె లబ్-డబ్ అని చప్పుడు కూడా చేస్తుంది కదా. డాక్టరుకు ఆ చప్పుడు చాలా ముఖ్యం, కానీ గుండె ఉన్నది దానికోసం కాదు. ఎన్‌కోడ్ మాత్రం ఏదైనా ఒక రకం కణంలో డీఎన్‌ఏ ముక్క నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారైనా, దానికి ఓ ప్రొటీన్ అంటుకున్నా 'ఫంక్షన్' ఖాతాలో రాసేసింది. 2013లో పరిణామ శాస్త్రవేత్త డాన్ గ్రౌర్ బృందం మర్యాద కాస్త పక్కనపెట్టి మరీ ఉతికింది ఇందుకే. పైగా ఉల్లిపాయ జీనోమ్ మనదానికి దాదాపు ఐదు రెట్లు, అదంతా ఏం పని చేస్తున్నట్టు?

2014కల్లా ఎన్‌కోడ్ వాళ్లే తగ్గారు, రసాయన చర్య ఒక్కటే సాక్ష్యంగా సరిపోదన్నారు. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు సహజ వరణం ఇప్పటికీ కాపాడుకుంటున్న భాగాన్ని లెక్కగడితే తేలింది 8.2 శాతం.